న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పొద్దున్నే పరుగు: కబ్బన్ పార్కు అలవాటు అక్కడ పనికొస్తుందా?

జయనగర్_సుధ
అక్టోబరులో ఆఫీసు పని మీద న్యూయార్క్ వెళ్తున్నాను. హోటల్ 57వ వీధిలో ఇచ్చారు. సెంట్రల్ పార్కు నడిచి వెళ్ళేంత దగ్గర. ఇక్కడ బెంగళూరులో మామూలు రోజుల్లో లాల్‌బాగ్, ఆదివారం కబ్బన్ పార్కు. పరుగు ఆగిపోతే నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టదు. అక్కడ కూడా పరిగెడతానని ఆఫీసులో చెప్పగానే తలా ఒక భయం పెట్టారు. ఆడపిల్లవి, ఒక్కదానివి చీకట్లో వెళ్ళొద్దని ఒకరు. సైకిళ్ళు గుద్దేస్తాయని ఇంకొకరు. పాస్‌పోర్టు వెంట ఉండాలా, హోటల్లో పెట్టేయాలా అన్నదాని మీద మా టీమ్‌లోనే రెండు పార్టీలు. నిజంగా అక్కడ పరిగెత్తినవాళ్ళు చెప్పండి. వేరే దేశాల్లో ఇలాంటి రద్దీ పార్కుల్లో పరిగెత్తినవాళ్ళు చెప్పినా సరే.

వైట్‌ఫీల్డ్_వాసు
హోటల్లో ట్రెడ్‌మిల్ ఉంటుంది కదండీ. తెలియని ఊళ్ళో రిస్క్ ఎందుకు?

బసవనగుడి_భాను
అంత దూరం విమానమెక్కి వెళ్ళి గోడను చూస్తూ పరిగెత్తమంటారా వాసు గారూ?

వైట్‌ఫీల్డ్_వాసు
గోడ మీద టీవీ ఉంటుంది లెండి.

బెళ్ళందూరు_హరి
సెంట్రల్ పార్కుకి పడమర పక్కనే ఉండే అప్పర్ వెస్ట్ సైడ్‌లో కొన్నేళ్ళు ఉన్నాను. ఆ పార్కులోనే పరిగెత్తేవాణ్ణి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పార్కు పొద్దున 6కి తెరుస్తారు, రాత్రి 1 దాకా ఉంటుంది. 843 ఎకరాలు. మన లాల్‌బాగ్ 240 ఎకరాలు, అలాంటివి మూడు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. లోపల చుట్టూ తిరిగే రోడ్డు పూర్తిగా ఒక రౌండు వేస్తే 6.1 మైళ్ళు, అంటే 9.8 కిలోమీటర్లు. 2018 జూన్ నుంచి ఆ రోడ్డు మీదికి కార్లు రానివ్వడం లేదు. కబ్బన్ పార్కులో మనకి ఆదివారం దొరికే సుఖం అక్కడ రోజూ దొరుకుతుంది. కార్లు పార్కును అడ్డంగా దాటడానికి 65, 79, 86, 97 వీధుల దగ్గర లోతుగా తవ్విన వేరే రోడ్లున్నాయి. వాటిలోకి మాత్రం దిగొద్దు, అవి కార్లకే.

కార్లు లేనంత మాత్రాన రోడ్డు ఖాళీగా ఉండదు. రేసు సైకిళ్ళు, బ్యాటరీ సైకిళ్ళు, టూరిస్టుల రిక్షాలు, గుర్రపు బళ్ళు, పిల్లల్ని బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ పరిగెత్తే తల్లులు, అందరూ ఉంటారు. అయినా అది నడుస్తుందంటే కారణం ఒకటే. చక్రాలన్నీ ఒకే దిశలో పోతాయి, గడియారం ముల్లుకి ఎదురుగా. పరిగెత్తేవాళ్ళలో కూడా ఎక్కువమంది అదే దిశ. రోడ్డు మీద ఎవరి లేన్ ఏదో బొమ్మలు వేసి ఉంటాయి. మనిషి బొమ్మ ఉన్న లేన్‌లో ఉండండి.

అసలు ప్రమాదం పరుగులో ఉండదు, రోడ్డు దాటేటప్పుడు ఉంటుంది. బయటి వీధి నుంచి పార్కులోకి వచ్చి ఆ రోడ్డు మీద అడుగు పెడితే సైకిళ్ళు మన ఎడమ చేతి వైపు నుంచి వస్తాయి. మనం పుట్టినప్పటి నుంచి ముందు కుడివైపు చూసి అడుగేసే మనుషులం. మెడ దానంతటదే కుడికి తిరుగుతుంది. అక్కడ కుడివైపు ఏమీ కనిపించదు, ధైర్యంగా అడుగు వేస్తాం, ఎడమ నుంచి గంటకి ముప్ఫై కిలోమీటర్ల స్పీడులో సైకిల్ దిగుతుంది. పార్కు లోపలి నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇది తిరగబడుతుంది, అప్పుడు కుడి నుంచి వస్తాయి. నా మాట విని రెండు వైపులా చూడండి. సిగ్నల్ ఉన్నచోట కూడా చూడండి.

మారతహళ్ళి_మధు
గుడి ప్రదక్షిణకి సరిగ్గా రివర్సు అన్నమాట. అలా గుర్తుపెట్టుకుంటే మర్చిపోరు.

జయనగర్_సుధ
మధు గారూ, ఇది నాకు బాగా గుర్తుంటుంది. హరి గారూ, ఆ ఎడమ కుడి సంగతి ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు. చీకటి విషయం కూడా చెప్పండి. నాకు ఇక్కడ అయిదున్నరకే బయల్దేరే అలవాటు.

బెళ్ళందూరు_హరి
ఆ అలవాటు అక్కడ కుదరదు. అక్టోబరు మొదట్లో అక్కడ ఏడు కావస్తుంటే తెల్లవారుతుంది, నెలాఖరుకి ఏడుంబావు దాటుతుంది. మనకీ వాళ్ళకీ తొమ్మిదిన్నర గంటల తేడా కాబట్టి మొదటి రోజుల్లో మీకు మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. లేచాం కదా అని బయల్దేరొద్దు. ఆరూముక్కాలుకి గదిలోంచి బయటపడితే చాలు. ఆ వేళకి దక్షిణం వైపు రోడ్డంతా జనం ఉంటారు, అందులో సగం మంది ఆడవాళ్ళే. చెట్ల మధ్య మెలికలు తిరిగే ర్యాంబుల్ దారులు, ఉత్తరం కొసన అడవిలా ఉండే భాగం వెలుతురు బాగా వచ్చాకే.

లాల్‌బాగ్_లక్ష్మి
మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నేను ఆ పార్కులో పరిగెత్తాను. నా వయసు 54. చుడీదార్, బూట్లు, జుట్టు గట్టిగా జడ. ఒక్క మనిషి తిరిగి చూడలేదు. ఇక్కడ మా వీధి నుంచి లాల్‌బాగ్ గేటు దాకా పరిగెడితే టీ కొట్టు దగ్గర అందరి కళ్ళూ నా మీదే. ఆ పార్కులో నా పక్కనే నాకన్నా పెద్దావిడ కర్ర పట్టుకుని వేగంగా నడుస్తోంది, ఇంకో పక్క ఒకాయన చొక్కా లేకుండా పరిగెడుతున్నాడు. ఎవరి గోల వాళ్ళది. సుధా, నువ్వు తప్పకుండా వెళ్ళమ్మా. జాగ్రత్తలన్నీ తీసుకో, వెళ్ళడం మాత్రం మానొద్దు. ఆడవాళ్ళకి భయం చెప్పేవాళ్ళు ఎక్కువ, దారి చెప్పేవాళ్ళు తక్కువ.

జయనగర్_సుధ
లక్ష్మి గారూ, ఈ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను.

వైట్‌ఫీల్డ్_వాసు
లక్ష్మి గారు చెప్పాక ట్రెడ్‌మిల్ మాట వెనక్కి తీసుకుంటున్నా. పాస్‌పోర్టు సంగతి మాత్రం నేను హోటల్లో పెట్టే పార్టీ. పరుగులో జేబులోంచి జారిపోతే తిరుగు ప్రయాణమే ఆగిపోతుంది. ఎంబసీ చుట్టూ తిరగాలి.

కోరమంగళ_కిరణ్
చట్టం ఇంకోలా ఉంది బ్రో. అమెరికాలో 18 దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. మనలా వీసా మీద వెళ్ళేవాళ్ళకి అది ఐ-94, అంటే దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు. దాన్ని ఆన్‌లైన్‌లో తీసి ప్రింటు వేసుకోవచ్చు. ఆ ప్రింటు, పాస్‌పోర్టు మొదటి పేజీ జిరాక్సు, రెండూ ప్లాస్టిక్ కవరులో మడిచి నడుము బెల్టులో పెట్టుకో. అసలు పాస్‌పోర్టు గదిలోని లాకర్లో. నేను చేసేది ఇదే.

ఇందిరానగర్_ఈశ్వర్
ఇది దేశాన్ని బట్టి మారుతుంది, అన్నిచోట్లా ఒకే సలహా ఇవ్వకండి. జపాన్‌లో టూరిస్టు అసలు పాస్‌పోర్టు వెంట పెట్టుకోవాల్సిందే, జిరాక్సు చెల్లదు. టోక్యోలో నేను చిన్న జిప్ కవరులో పెట్టి బెల్టులో బిగించుకుని పరిగెత్తేవాణ్ణి. లండన్‌లో వీధిలో నడిచే మనిషి ఐడీ మోయాలన్న రూలే లేదు.

మారతహళ్ళి_మధు
టోక్యో అంటే రాజభవనం చుట్టూనా ఈశ్వర్ అన్నా?

ఇందిరానగర్_ఈశ్వర్
అవును. ఇంపీరియల్ ప్యాలెస్ చుట్టూ రౌండు దాదాపు 5 కిలోమీటర్లు. ఒక్క ట్రాఫిక్ సిగ్నల్ కూడా అడ్డం రాదు. అక్కడా గడియారం ముల్లుకి ఎదురు దిశే. సాయంత్రం ఆఫీసులు వదిలాక చూడాలి ఆ రద్దీ. మెట్రోలో దిగుతారు, దగ్గర్లోనే పరిగెత్తేవాళ్ళ కోసం పెట్టిన షాపుల్లో డబ్బు కట్టి లాకర్లో బ్యాగు, సూటు పెడతారు, ఒకటో రెండో రౌండ్లు వేసి అక్కడే స్నానం చేసి ఇంటికి పోతారు. తువ్వాలు, కొన్నిచోట్ల బూట్లు కూడా అద్దెకిస్తారు. మన కంఠీరవ స్టేడియం పక్కన అలాంటిది ఒకటి పెడితే నేను మొదటి రోజే సభ్యత్వం తీసుకుంటాను.

ఇంకో సంగతి. అది పార్కు దారి కాదు, మామూలు ఫుట్‌పాత్. స్కూలు పిల్లలు, టూరిస్టులు, గొడుగు పట్టుకున్న ముసలివాళ్ళు అందరూ నడుస్తారు. నడిచేవాళ్ళకే మొదటి హక్కని బోర్డులున్నాయి. సన్నటి చోట పరిగెత్తేవాడే ఆగాలి. నిజంగానే ఆగుతారు, గడియారంలో టైమ్ పోతున్నా సరే. నాకు అది చాలా నచ్చింది.

బసవనగుడి_భాను
మనవాళ్ళు నలుగురు కలిస్తే రోడ్డుకి అడ్డంగా కబుర్లు చెప్పుకుంటూ పరిగెడతారు. కబ్బన్ పార్కులో ఆదివారం చూడండి, బ్యాండ్‌స్టాండ్ దగ్గర దాటడానికి దారుండదు.

కోరమంగళ_కిరణ్
ఆదివారం ఆ మాత్రం కబుర్లు లేకపోతే ఎలా భాను గారూ? పరుగు అయ్యాక ఇడ్లీ వడ, ఫిల్టర్ కాఫీ కోసమే సగం మంది వస్తారు.

బసవనగుడి_భాను
కబుర్లు కాఫీ దగ్గర చెప్పుకోండి. దారి మీద ఇద్దరికి మించి పక్కపక్కన వద్దు. ఇక్కడ ఈ పద్ధతి ఉంటే బయటి దేశంలో వేరే నేర్చుకునే పనే ఉండదు.

మల్లేశ్వరం_మాస్టారు
భానమ్మ చెప్పింది సరైన మాట. నేను రిటైరయ్యాక కొడుకు దగ్గరికి లండన్ వెళ్ళాను. పరుగు కాదు, సాంకీ చెరువు చుట్టూ తిరిగి అలవాటైన వేగపు నడక. హైడ్ పార్కు 350 ఎకరాలు, పొద్దున 5 నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. పక్కనే ఆనుకుని కెన్సింగ్టన్ గార్డెన్స్, దానికి మాత్రం పొద్దుగూకగానే తాళం వేస్తారు. సాయంత్రం ఈ రెండో పార్కులోకి వెళ్ళేవాళ్ళు మూసే టైమ్ గేటు దగ్గర చూసుకోవాలి. హైడ్ పార్కులో రాటన్ రో అని ఇసుక దారి ఉంది. మెత్తగా ఉంది కదా అని మా పక్కింటి కుర్రాడు దాని మీద పరిగెత్తబోయాడు. అది గుర్రాల దారి. సైనికుల గుర్రాలు బారులు తీరి వస్తాయి. సైకిళ్ళకి వేరే గీత, నడిచేవాళ్ళకి వేరే గీత. కొన్ని దారుల్లో సైకిల్ అసలు రాకూడదు. పార్కులోకి అడుగు పెట్టగానే బోర్డు మొత్తం ఒకసారి చదవండి. ఆ రెండు నిమిషాలతో ప్రాణం కుదుటపడుతుంది.

నెల్లూరు_నాని
మాస్టారూ, లండన్‌లో శనివారం పొద్దున 9కి పార్క్‌రన్ ఉంటుంది, మీ కొడుకు తీసుకెళ్ళలేదా? 5 కిలోమీటర్లు, ఫ్రీ. 2004లో బుషీ పార్కులో 13 మందితో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో పేరు ఇచ్చి బార్‌కోడ్ తీసుకుంటే ఏ దేశంలో అయినా అదే పనికొస్తుంది. నడిచినా ఏమీ అనరు, ఆఖరి మనిషి వెనక ఒక వాలంటీర్ వస్తూనే ఉంటాడు. ఒక్కళ్ళే వెళ్ళడానికి జంకేవాళ్ళకి అంతకన్నా మంచి దారి లేదు. సింగపూర్‌లో ఈస్ట్ కోస్ట్ పార్కులో ఉంది, అక్కడ ఏడున్నరకే మొదలు.

చెన్నై_చంద్ర
సింగపూర్ వెళ్ళే బెంగళూరు వాళ్ళకి ఒక మాట. మీరు 900 మీటర్ల ఎత్తులో చల్లగాలికి అలవాటు పడ్డవాళ్ళు. అక్కడ మా బీసెంట్ నగర్ బీచ్ లాగా పొద్దున్నే చెమట కారిపోతుంది, పైగా ఆరదు. ఇక్కడి పేస్ అక్కడ పట్టుకోవాలని చూస్తే తల తిరుగుతుంది. నెమ్మదిగా మొదలుపెట్టండి, నీళ్ళు దగ్గర పెట్టుకోండి. అక్కడ ఏడాది పొడుగునా ఏడు కావస్తేగానీ తెల్లవారదు. చాలామంది రాత్రి పరిగెడతారు, దీపాలు బాగుంటాయి.

వైట్‌ఫీల్డ్_వాసు
అయితే మనవాళ్ళు సముద్రమట్టానికి దిగితే ఆక్సిజన్ ఎక్కువై స్పీడు పెరగాలి కదా?

చెన్నై_చంద్ర
న్యూయార్క్ చలిలో కాస్త తేలిగ్గా అనిపించవచ్చు. సింగపూర్‌లో ఆ లాభాన్ని ఉక్క మింగేస్తుంది.

మారతహళ్ళి_మధు
ఇయర్‌ఫోన్స్ సంగతేంటి? నాకు పాట లేకపోతే కాలు కదలదు.

బెళ్ళందూరు_హరి
సెంట్రల్ పార్కు రోడ్డు మీద వద్దు మధూ. వెనక నుంచి వచ్చే సైకిల్ కేక వినిపించాలి. వినిపించగానే ఉలిక్కిపడి పక్కకి దూకకూడదు. మీరు వెళ్ళే గీత మీదే వెళ్తే వాళ్ళే తప్పుకుపోతారు. పాట కావాలంటే రిజర్వాయర్‌కి వెళ్ళు. పార్కు మధ్యలో పెద్ద నీటి చెరువు, దాని చుట్టూ 1.58 మైళ్ళ, అంటే రెండున్నర కిలోమీటర్ల మెత్తటి మట్టి దారి. సైకిళ్ళు, కుక్కలు, పిల్లల బళ్ళు ఏవీ రానివ్వరు. సన్నటి దారి, అక్కడా అదే దిశ. కాకపోతే కంచె దగ్గర ఫోటోల కోసం జనం టక్కున ఆగిపోతారు, కళ్ళు ముందుకే ఉండాలి.

కోరమంగళ_కిరణ్
ఒక చెవిలో పెట్టుకుని ఇంకో చెవి వదిలేస్తే సరిపోదా అన్నా? నేను ఎప్పుడూ అంతే.

బెళ్ళందూరు_హరి
నాకు నచ్చదు. శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో ఒక చెవితో పోల్చుకోలేం. నీ ఇష్టం, కానీ ఈ విషయంలో నేను తగ్గను.

జయనగర్_సుధ
కుక్కలంటే గుర్తొచ్చింది. నాకు కుక్కలంటే బాగా భయం. ఇక్కడ చేతిలో చిన్న కర్ర ఉంటుంది.

లాల్‌బాగ్_లక్ష్మి
అక్కడ వీధికుక్కలు లేవు సుధా, కర్ర అక్కర్లేదు. కానీ పొద్దున 9 లోపు, రాత్రి 9 తర్వాత కొన్ని పచ్చిక మైదానాల్లో పెంపుడు కుక్కల్ని గొలుసు విప్పి వదలనిస్తారు. గున్నల్లాంటివి బంతి వెంట పరిగెడుతుంటాయి. నేను మొదటిసారి గుండె చేత పట్టుకుని నిలబడిపోయాను. అవి మనల్ని పట్టించుకోవు. రోడ్డు మీద మాత్రం గొలుసుతోనే ఉంటాయి. నువ్వు పచ్చికలోకి వెళ్ళకుండా రోడ్డు మీదే ఉండు.

పరుగుల_పద్మజ
ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తాను. నేను ఆర్థో వార్డులో నర్సుని, కాలు మడతపడి వచ్చేవాళ్ళని రోజూ చూస్తాను. తెలియని చోట పడిపోతే మొదటి సమస్య నొప్పి కాదు, ఎక్కడున్నామో ఫోన్లో చెప్పలేకపోవడం. సెంట్రల్ పార్కులో ప్రతి దీపస్తంభానికీ నాలుగంకెల నంబరు పలక ఉంటుంది. మొదటి రెండంకెలు దగ్గర్లోని వీధి నంబరు. చివరి అంకె సరిసంఖ్య అయితే పార్కు తూర్పు వైపు, బేసి అయితే పడమర. 78తో మొదలై 2తో ముగిసిందనుకోండి, 78వ వీధి దగ్గర, తూర్పు వైపు ఉన్నట్టు. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేసి ఆ స్తంభం నంబరు చదివితే చాలు, ఎక్కడున్నారో వాళ్ళకి తెలిసిపోతుంది. మొదటి రోజే ఒక స్తంభం దగ్గర ఆగి చదివి చూడండి.

ట్రావెల్ ఇన్సూరెన్సు నంబరు, హోటల్ అడ్రసు, ఇంట్లోవాళ్ళ నంబరు కాగితం మీద రాసి బెల్టులో పెట్టుకోండి. చలికి ఫోన్ బ్యాటరీ తొందరగా అయిపోతుంది.

జయనగర్_సుధ
పద్మజ గారూ, ఇది బంగారం లాంటి మాట. స్తంభం నంబరు సంగతి మా టీమ్ గ్రూపులో పెట్టాను.

నెల్లూరు_నాని
పరుగు రికార్డు చేసే స్ట్రావా యాప్‌లో మొదలుపెట్టిన చోటు, ఆపిన చోటు దాచిపెట్టే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేసుకోండి అక్కా. లేకపోతే మీరు ఏ హోటల్లో ఉన్నారో, ఏ టైమ్‌కి ఒంటరిగా బయటికొస్తారో ఊరందరికీ తెలిసిపోతుంది.

బసవనగుడి_భాను
ఎత్తుపల్లాలు ఎలా ఉంటాయి హరి గారూ? మా అక్క కూడా వచ్చే ఏడాది వెళ్తోంది, మోకాలు నొప్పి.

బెళ్ళందూరు_హరి
చదును కాదు. తూర్పు వైపు 76వ వీధి దగ్గర క్యాట్ హిల్ అని ఒక ఎత్తు. అక్కడ రాతి మీద దూకబోతున్నట్టు వంగి కూర్చున్న కంచు ప్యాంథర్ (చిరుత లాంటి పెద్ద పిల్లి) బొమ్మ ఉంటుంది, మంచుపొగలో హఠాత్తుగా చూస్తే జడుసుకుంటారు. ఉత్తరం కొసన హార్లెం హిల్ ఉంది, అది నిజంగా ఊపిరి తీస్తుంది. మీ అక్క గారు 102వ వీధి దగ్గర అడ్డదారి పట్టుకుంటే ఆ ఎక్కుడు తప్పిపోతుంది. మోకాలికి అన్నిటికన్నా మంచిది రిజర్వాయర్ మట్టి దారే.

మారతహళ్ళి_మధు
నాకు నవంబరు మొదటి వారంలో న్యూయార్క్ ట్రిప్ ఖాయం అయ్యేలా ఉంది. అప్పుడు కూడా ఇవే రూల్సా?

బెళ్ళందూరు_హరి
అదృష్టవంతుడివి. నవంబరు మొదటి ఆదివారం న్యూయార్క్ మారథాన్. 1970లో మొట్టమొదటిసారి మొత్తం ఈ పార్కు లోపలే పెట్టారు, 127 మంది మొదలుపెడితే 55 మంది పూర్తిచేశారు. 1976 నుంచి ఊళ్ళోని అయిదు భాగాలూ చుట్టి వస్తుంది. ముగింపు ఇప్పటికీ పార్కులోనే, పడమర వైపు 67వ వీధి దగ్గర. ఆ వారమంతా అక్కడ స్టాండ్లు, కంచెలు కడుతూ ఉంటారు, కాబట్టి పడమర దక్షిణం మూల వదిలేసి ఉత్తరం వైపు పరిగెత్తు. అదే ఆదివారం తెల్లవారుజామున వాళ్ళ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అందుకని పొద్దున వెలుతురు ముందే వస్తుంది.

మారతహళ్ళి_మధు
ఆ ఆదివారం పార్కులోకి రానివ్వరా?

బెళ్ళందూరు_హరి
ముగింపు దగ్గర కష్టం. నువ్వు ఫస్ట్ అవెన్యూకి పో. క్వీన్స్‌బరో బ్రిడ్జి దిగి అందరూ ఆ రోడ్డు మీదికే వస్తారు, అప్పటికి 16 మైళ్ళు అయిపోయి ఉంటాయి. 70, 80 వీధుల దగ్గర ఫుట్‌పాత్ మీద నిలబడు. చాలామంది చొక్కా మీద పేరు రాసుకుని వస్తారు. ఆ పేరు పెట్టి గట్టిగా అరువు. అప్పటికే కాళ్ళు లాగుతున్నవాళ్ళకి ఆ అరుపు ఎంత బలమో పరిగెత్తేవాడివి నీకు తెలుసు.

లాల్‌బాగ్_లక్ష్మి
తెలుగు పేరు కనిపిస్తే ఇంకా గట్టిగా అరువు మధూ.